జెడ్డా నుంచి బేగంపేటకు ఐదు గంటలు

గురువారం సాయంత్రం ఐదు గంటల ఇరవై నిమిషాలకు మా అమ్మ పెట్టె మీద మూత పెట్టి మేకులు కొట్టారు. టైము నేనే చూశాను. ఆ రోజు పొద్దుటి నుంచి గడియారం చూసే పని నాదే, ఎందుకంటే మా ఇంటి ఆడవాళ్ళలో గడియారం చూడటం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. చలికాలం మొదట్లో ఒక గురువారం అది. ఏ సంవత్సరమో రాయను. విమానాలు ఇంకా బేగంపేటలో దిగే రోజులు, కాజీపల్లి పక్కన మా ఊళ్ళో ఒక్క ఇంట్లో కూడా ఫోను లేని రోజులు అంటే చాలు.

ఈ సంగతి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాయడానికి కారణం నా తమ్ముడు దానేలు. వాడు పోయి నెల దాటింది. సంగారెడ్డిలో వాడి ఇంట్లోనే, మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. జ్ఞాపకార్థ కూడిక అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయాక మా మరదలు రూతు ఒక బైబిలు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "ఉంచుకో వదినా. ఇది అక్కకే ఇయ్యాలె అని ఆయన ఒక్కసారి కాదు, నాలుగుసార్లు చెప్పిండు," అంది. అది దానేలు బైబిలు కాదు. మా మేనమామ ఏసోబుది. అట్ట ఊడిపోతే ఆయన తన పాత ఖాకీ అంగీ గుడ్డ అతికించుకున్నాడు, నాకు బాగా గుర్తు. ఆయన పోయాక అది దానేలుకు వచ్చింది. తెరిస్తే కీర్తనల దగ్గర నాలుగు మడతలు పెట్టిన కాగితం ముక్క ఉంది. పెన్సిలుతో పెద్ద పెద్ద అక్షరాలు, గీత దాటి కిందికి జారిపోతూ: 3 గంటలు. జెడ్డా విమానం. బేగంపేట.

ఆ రాత నాది.

నా మనుమరాలు గ్రేసి పక్కనే కూర్చుని ఉంది. "ఏంది అమ్మమ్మా అది?" అని వంగి చూసింది. చెప్పకుండా, "జెడ్డా ఇక్కడికి ఎంత దూరమే?" అని అడిగాను. ఫోను మీద వేలితో నాలుగుసార్లు పొడిచి, "నాలుగు వేల నూట చిల్లర కిలోమీటర్లు. మధ్యల ఎక్కడ ఆగకుంటే ఐదు గంటల పావు," అంది. తర్వాత అడగకుండానే ఇంకో ముక్క చెప్పింది. "అక్కడ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక ఉంటది అమ్మమ్మా. గదిగూడ ఇందుల సూపెడుతుంది." నేను బైబిలు మూసేశాను. ఆ రెండున్నర గంటల సంగతి నాకు కొత్త కాదు.

మా అమ్మ రాహేలమ్మకు గడియారం తెలియదు, సైరను తెలుసు. మా ఊరికి బొల్లారం వైపు రెండు ఫ్యాక్టరీలు, కాజీపల్లి వైపు ఒకటి. మూడింటి సైరన్లనూ ఆమె మనుషుల గొంతులను గుర్తుపట్టినట్టు గుర్తుపట్టేది. పొద్దుటి సైరనుకు పొయ్యి ముట్టించేది, మధ్యాహ్నం సైరనుకు తల ఎత్తి "షిఫ్టు మారింది, ఇగ బిడ్డ బడి నుంచి వస్తడు" అనేది. ఒక సైరను ఒకరోజు ఆలస్యంగా కూస్తే, ఆ ఫ్యాక్టరీవాళ్ళు తన చుట్టాలైనట్టు "గీనికేమైంది ఇయ్యాల" అని కంగారుపడేది. ఆమె పని ఖాళీ డ్రమ్ములు కడగడం. మందుల ఫ్యాక్టరీలో వాడేసిన డ్రమ్ములు షెడ్డు వెనక వరసగా పడేసేవారు. నీళ్ళు కొట్టి, కొబ్బరి పీచుతో రుద్ది, బోర్లించాలి. ఇంటికి వచ్చాక చేతులకు ఎంత సబ్బు రుద్దినా, బూడిద రుద్దినా ఒక తీపి వాసన పోయేది కాదు. ఆ చేతులతోనే జొన్నరొట్టె కొట్టేది. నేను చిన్నప్పుడు జొన్నరొట్టె వాసనే అది అనుకునేదాన్ని. పెళ్ళయ్యాక మూడిళ్ళ అవతల అత్తగారింట్లో మొదటి రొట్టె తిని, ఇందులో ఏదో తక్కువైంది అనుకున్నాను.

దానేలు అమ్మ కడుపులో ఉండగానే మా నాయన పోయాడు. అమ్మ పనికి పోతే వాడిని మోసింది నేను. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. వాడు బరువైన పిల్లవాడు, నడక వచ్చినా నడిచేవాడు కాదు. నా కుడి నడుము ఇప్పటికీ ఎడమదానికంటే కిందికే ఉంటుంది. పెద్దయ్యాక వాడే అనేవాడు, "అక్కా, నీ నడుము ఎముక నాకు ఇంకా గుచ్చుకుంటనే ఉన్నది. జెర కండ పెట్టే, ఇంకోసారి ఎక్కుత." వాడిని బడిలో వేశాక కూడా నా పని తప్పలేదు. నేను కనపడకపోతే ఏడ్చేవాడు. అందుకని బడి గోడ బయట, కిటికీకి ఎదురుగా కూర్చునేదాన్ని. లోపల అందరూ అ ఆ లు అరుస్తుంటే నేను చింతగింజలు ఆడుకునేదాన్ని. పంతులు ఒక్కసారీ "లోపలికి రా పిల్లా" అనలేదు. అమ్మ కూడా అనలేదు. కోపం లేదని రాస్తే అబద్ధం. ఉంది. కానీ దానేలు మీద కాదు. వాడు సాయంత్రం పలక తెచ్చి నా ముందు పెట్టి, "ఇగో అక్కా, ఇది నీ పేరు" అని రాసి చూపించేవాడు. అది నిజంగా నా పేరేనా, వాడి పేరా, నాకు తెలిసేది కాదు. అవునురా అని తల ఊపేదాన్ని.

వాడు మోటార్ల పని నేర్చుకుని జెడ్డా పోయాడు. అక్కడ ఒక పెద్ద కంపెనీలో ఏసీలు బాగుచేసే పని. నెలకో ఉత్తరం వచ్చేది. దాన్ని పట్టుకుని నేనూ అమ్మా ఎవరో ఒకరి దగ్గరికి పోవాలి. ఒకసారి కిరాణా దుకాణంలో కూర్చున్న ఒకాయన మా ఉత్తరం విప్పి, గట్టిగా, కల్లు దుకాణం దాకా వినపడేట్టు చదివాడు. "అక్కా, నాకు ఇక్కడ దినాం ఏడుపొస్తున్నది. అమ్మకు చెప్పకు." అమ్మ నా పక్కనే నిలబడి ఉంది. ఆయన చదవడం ఆపాడు, కానీ అప్పటికే చదివేశాడు. అమ్మ ఆ రోజు ఏమీ తినలేదు. ఆ రోజే అనుకున్నాను, వీడి ఉత్తరం నేనే చదవాలి, ఇంకెవరూ చదవకూడదని.

చర్చి వరండాలో సాయంత్రాలు పెద్దవాళ్ళకు చదువు చెప్పేవారు. నాకు ముప్పై ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. పలక చంకలో పెట్టుకుని పోతుంటే అమ్మ గడపలో కూర్చుని నవ్వేది. "పో పో, కలెక్టరయి వస్తవు. జీపెక్కినంక మమ్మల్ని గుర్తుపడుతవో లేదో." చదువు చెప్పే లీలమ్మ టీచర్ అట్టముక్క గుండ్రంగా కత్తిరించి, చీపురు పుల్లలు రెండు గుచ్చి గడియారం చేసింది. ఏడున్నరకు పెద్ద పుల్ల ఎక్కడ, చిన్న పుల్ల ఎక్కడ అని మాతో తిప్పించేది. అక్షరాలకంటే అది నాకు తొందరగా వచ్చింది. ఇంటికి వచ్చి, దానేలు పోయే ముందు కొనిపెట్టిన గోడ గడియారం చూసి టైము చెప్పేదాన్ని. "ఇప్పుడు ఎనిమిదికి పది తక్కువ అమ్మా." "తక్కువైతే నువ్వే పెట్టు ఆ పది," అనేది అమ్మ. మురిసిపోయేది మాత్రం. పక్కింటి సాయవ్వతో "మా ఎస్తేరు గడియారం సదువుతది" అని చెప్పడం నేను విన్నాను.

ఆరు నెలలకు దానేలు ఉత్తరం మొదటిసారి నేనే చదివాను, ఒక్క పేజీకి పూట పట్టింది. అందులో ఒకచోట రాశాడు: ఇక్కడ పొద్దు మీకంటే వెనక పొడుస్తది అక్కా, మీరు పని మీద పోయినంక నేను లేస్త. ఆ మాట నేను చదివాను. వేలు పెట్టి, కూడబలుక్కుని, రెండుసార్లు చదివాను. అక్షరం అక్షరం పట్టుకుని పోయేదానికి మాట దాటిపోయింది. వాడు ఆలస్యంగా లేచే పని దొరికించుకున్నాడు, మంచిదే, అనుకున్నాను. సైరను కూస్తే మా నాలుగు ఊళ్ళకూ ఒక్కసారే వినపడేది. గంట కూడా అంతే అని నా మనసులో ఉండిపోయింది. ఇక్కడ పది అయితే లోకమంతా పది.

ఆ ఏడు అమ్మకు ఆయాసం ఎక్కువైంది. దానేలు సెలవు అడిగి, కాగితాలన్నీ చేయించుకుని, ఆ గురువారానికి టికెట్టు తీసుకున్నాడు. అమ్మ బుధవారం పోయింది. పొద్దుటి సైరను కూసింది, పొయ్యి ముట్టలేదు.

నేనూ నా భర్త సుందరమూ బొల్లారం చౌరస్తాలో ఖలీల్ భాయ్ ఫోను బూతుకు పరుగెత్తాం. ఆయన ఎంతో సేపు తిప్పి తిప్పి దానేలు ఉండే కంపెనీ క్యాంపుకు లైను కలిపాడు. అవతల వాడి గొంతు బావిలో నుంచి వచ్చినట్టు వచ్చింది.

"అక్కా?"

"తమ్మీ... అమ్మ పోయిందిరా."

వాడన్నాడు, "రేపు పది గంటలకు నా విమానం. ఐదు గంటలల్ల బేగంపేటల దిగుత. ఎవ్వలు రావద్దు, టాక్సీ కట్టుకొని నేనే వస్త. అమ్మను ఉంచుండ్రి. నేను మొఖం జూడాలె. నువ్వున్నవు కదా అక్కా, నువ్వు ఉంచు."

"ఉంచుత. నువ్వు రా."

తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా వేళ్ళు ముడుస్తూ వచ్చాను. పది తర్వాత పదకొండు, పన్నెండు, ఒకటి, రెండు, మూడు. మూడింటికి దిగుతాడు. బయటపడటానికి ఒక గంట, మా ఊరికి ఒక గంట. ఐదింటికల్లా ఇంట్లో ఉంటాడు. సుందరం అడిగాడు, "పక్కానా?" "ఐదు వేళ్ళు నీకు లేవా, నువ్వు లెక్క పెట్టు," అన్నాను.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. చనిపోయిన ఆడమనిషిని పుట్టింటివాళ్ళ మాట లేకుండా ఇంట్లో నుంచి లేపరు. పుట్టింటి నుంచి ఆఖరి గుడ్డ రావాలి, అది కప్పాలి, అన్నో తమ్ముడో "లేపండి" అనాలి. చర్చిలో చేరి మూడు తరాలైనా ఆ పద్ధతి పోలేదు. అమ్మకు పుట్టింటివాడంటే ఏసోబు మామ ఒక్కడే. పెళ్ళాం పిల్లలు లేని మనిషి, సంగారెడ్డి అవతల ఊళ్ళో వడ్రంగి పని. తెల్లగుడ్డ చంకలో పెట్టుకుని మధ్యాహ్నానికి వచ్చాడు. అమ్మ కాళ్ళ దగ్గర కాసేపు కూర్చుని, లేచి కళ్ళు తుడుచుకుని, పనిలో పడ్డాడు. పెట్టె తానే చేస్తానన్నాడు. చెక్కలు కోస్తూ నన్ను పిలిచి అడిగాడు.

"మంచు ఎంత జెప్పాలె బిడ్డా? రేపు మాపటి దాంక సాలా, ఎల్లుండి పొద్దటి దాంక ఉంచుదామా?"

"ఎల్లుండి ఎందుకు మామా. మూడింటికి దిగుతడు. ఐదింటికి ఇంట్ల ఉంటడు. రేపటి మందం సాలు."

"నీకు బరాబర్ తెల్సునా?"

"లెక్క జేసిన మామా."

ఆ దుఃఖంలో కూడా ఆయన ముఖం ఒక్క క్షణం వెలిగింది. "సదువుకున్న బిడ్డవు. నీ మాటే," అన్నాడు.

పటాన్‌చెరు నుంచి మంచు దిమ్మలు ఊక పోసిన గోనెసంచుల్లో వచ్చాయి. గురువారం మధ్యాహ్నానికి చాలా భాగం కరిగింది. మంచం కింద నుంచి నీళ్ళు గడప దాటి వాకిట్లోకి పోతుంటే సాయవ్వ చీపురుతో తోసి తోసి అలిసిపోయింది. సాయవ్వ మా కులం కాదు, మా దేవుడూ వేరు. మూడింటి తర్వాత ఇంట్లో గాలి మారుతుంటే ఆమె తన ఇంటి నుంచి సాంబ్రాణి తెచ్చింది. వచ్చినవాళ్ళలో ఎవరో ముఖం చిట్లిస్తే, "మా దేవునిదే, అయితేంది? రాహేలమ్మ నా మీద అలగదులే, నా దగ్గర నలభై ఏండ్లు నిప్పు తీసుకపోయింది," అంది. నేను గడియారం కిందే కూర్చున్నాను. మూడు అయింది. ఇప్పుడు దిగాడు అని అందరికీ చెప్పాను. నాలుగు అయింది. ఇప్పుడు టాక్సీ ఎక్కాడు అని చెప్పాను. టాక్సీ చప్పుడు ఏదీ లేదు. రోడ్డు మీద కంపెనీ బస్సు పోయినా అందరం లేచి నిలబడుతున్నాం.

నాలుగుంపావుకు చర్చి అయ్యగారు ఏసోబు మామను పక్కకు పిలిచారు. పొద్దు గూకకముందే కానివ్వాలి, ఆ తర్వాత గుంట దగ్గర దీపం కూడా ఉండదు, అన్నారు. అప్పుడు నేను నా చదువు వాడుకున్నాను. పిల్లల నోటుబుక్కు చింపి ఆ చీటీ రాసి సుందరం చేతికిచ్చాను. "ఖలీల్ భాయ్‌తోని విమానాల ఆఫీసుకు ఫోన్ జేపియ్యి. ఇందుల ఉన్నట్టే అడుగుమను. మూడు గంటల జెడ్డా విమానం వచ్చిందా, లేదా?"

సైకిలు మీద పోయి ఐదుకు పది నిమిషాలుండగా తిరిగి వచ్చాడు. చెమటలు కారుతున్నాయి. "మూడు గంటలకు జెడ్డా విమానమే లేదంటున్నరు."

"లేదా?"

"రెండుసార్లు అడిగిపిచ్చిన. చీటీల ఉన్నట్టే అడిగిండు ఖలీల్ భాయ్. ఆ టైముకు అసలు లేనే లేదన్నరు."

అందరూ నా వైపు చూశారు. ఏసోబు మామ కూడా నా వైపే చూశాడు. ఇంకో మంచు దిమ్మ తెప్పిస్తే తెల్లారేదాకా ఆగేది. ఎవరూ ఆ మాట అనలేదు, నేనూ అనలేదు. నాకు తోచింది ఒక్కటే, అక్కడి కంపెనీ సేటు వాడి పాస్‌పోర్టు ఇవ్వలేదు, వాడిని ఆపేశారు. "ఇగ రాడు మామా," అన్నాను. ఏసోబు మామ సుందరం చేతిలో నుంచి చీటీ తీసుకున్నాడు, చదివాడు, మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు. అమ్మ కాళ్ళ మీద చెయ్యి పెట్టి, "లేపుండ్రి," అన్నాడు.

ఐదూ ఇరవైకి మేకులు కొట్టారు, అది ముందే రాశాను. ప్రార్థన అయింది, పాట మొదలైంది. తాళ్ళు వేసి పెట్టె దించుతుంటే పడమటి నుంచి ఒక విమానం కిందికి వాలుతూ మా నెత్తి మీదుగా పోయింది. అంత కిందుగా పోతే చప్పుడుకు పాట ఆపిన పిల్లలు నోళ్ళు తెరిచి చూశారు. సాయవ్వ నా భుజం తట్టి, "సూడు ఎస్తేరమ్మా, గదేందో దిగుతున్నది," అంది.

"అది మనది కాదు సాయవ్వా," అన్నాను.

దీపాలు పెట్టిన తర్వాత టాక్సీ వచ్చింది. తలుపు సరిగా తెరుచుకోకముందే దానేలు దూకి వచ్చాడు. అమ్మ మంచాన్ని కడిగి గోడకు నిలబెట్టాం. వాడు మంచాన్ని చూశాడు. నన్ను చూశాడు. అరవలేదు. నా రెండు భుజాలూ పట్టుకుని, "ఏదీ?" అన్నాడు. చిన్నప్పుడు వాడి ముద్ద ఎవరో తినేస్తే అట్లాగే అడిగేవాడు. నా కళ్ళ ముందు వాడి చెయ్యి, చేతికి గడియారం. నేను చదవగలను కదా, చదివాను. ఐదుకు పదిహేను నిమిషాలు తక్కువ. వాడి భుజం మీదుగా గోడ గడియారం చూశాను. ఏడుంపావు. రెండూ టిక్కుటిక్కుమంటున్నాయి. రెండింట్లో ఏదీ తప్పు కాదని నాకు అప్పుడు తెలిసింది. పొద్దు మీకంటే వెనక పొడుస్తది అక్కా.

దానేలు ఏసోబు మామ మీద పడ్డాడు. "నీ మాట లేనిది అమ్మ ఇల్లు కదలదు గదా మామా. నువ్వెట్ల లేపమంటివి? రెండు గంటలు ఆగకపోతివా? నీకు కొడుకుల్లేరు, నీకేం తెలుస్తది?" అంత మాట అన్నాడు. ఏసోబు మామ నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయన చెయ్యి అంగీ జేబు మీద ఉంది. సుందరం ఏదో చెప్పబోతే రెండో చేత్తో సుందరం మణికట్టు నొక్కి పట్టుకున్నాడు. "పొద్దు గూకుతదని నేనే తొందర పడ్డ కొడుకా. తప్పు నాదే," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే నేనూ దానేలూ సమాధి దగ్గరికి పోయాం. అమ్మకు చలి అని జెడ్డా నుంచి పులి బొమ్మ ఉన్న మందపాటి రగ్గు తెచ్చాడు. దాన్ని ఆ పచ్చి మట్టి మీద కప్పి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టాడు. పసిపిల్లకు సర్దినట్టు సర్దాడు. ఆదివారానికి అది అక్కడ లేదు. ఎవరో తీసుకుపోయారు. తీసుకున్నవాళ్ళు చలికి కప్పుకునే ఉంటారు, వాళ్ళ మీద నాకు కోపం లేదు.

ఆ తర్వాత ఏసోబు మామతో దానేలు మాట్లాడలేదు. పెళ్ళికి పిలవలేదు. ఆయన మా ఇంటికి వస్తున్నాడని తెలిస్తే వాడు రావడం మానేసేవాడు. మామ మాత్రం ఏడాదికి రెండుసార్లు నా దగ్గరికి వచ్చి, చాయ్ తాగి, పోయేముందు గడపలో నిలబడి "వాడు మంచిగున్నడా?" అని అడిగేవాడు. ఒకసారి నేను, "మామా, నేను వానికి చెప్త," అన్నాను. "వద్దు బిడ్డా. నామీద కోపం ఉంటే వాడు బతుకుతడు. నీమీద కోపమొస్తే వానికి ఇంకెవరున్నరు?" అన్నాడు. ఆ మాట విని ఊరుకున్నాను. ఆయన మంచితనం కోసం ఊరుకున్నానని రాయను. ఆ మాట నాకు వీలుగా ఉంది, అందుకని ఊరుకున్నాను. ఆయన పోయినప్పుడు దానేలు వచ్చి దూరంగా, చెప్పులు విడవకుండా నిలబడ్డాడు. తన బైబిలు దానేలుకు ఇమ్మని ఆయన చెప్పి పోయాడట. ఎవరో తెచ్చి వాడి చేతిలో పెట్టారు.

అంతకుముందు ఎన్నేళ్ళయినా ఆ గురువారం సంగతి దానేలు నోట రాలేదు. అప్పటి నుంచి వచ్చింది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా, చాయ్ గ్లాసు చేతిలో పెట్టుకుని, ఏమీ లేనట్టు అడిగేవాడు. "అక్కా, అమ్మను పెట్టిన రోజు ఎవరెవరుండిరి?"

"అందరుండిరి."

"అందరంటే?"

"ఊరంత ఉండె. చల్లారుతుంది, తాగు."

పేర్లు తెలుసుకోవాలని ఉందేమో, చూడలేకపోయిన బాధ ఇట్లా తీర్చుకుంటున్నాడేమో అనుకునేదాన్ని. ఆఖరిసారి వచ్చినప్పుడు కూడా అడిగాడు. "ఒక్కసారి చెప్పరాదు అక్కా. మొదటి నుంచి, మెల్లగ. నాకేం తొందర లేదు." మోకాళ్ళు నొస్తున్నాయని లేచి లోపలికి పోయాను. వాడు కాసేపు కూర్చుని, గ్లాసు తానే కడిగి బోర్లించి పోయాడు.

ఇప్పుడు ఆ చీటీ నా చేతిలో ఉంది. మామ పోయినప్పటి నుంచి అది వాడి దగ్గరే ఉంది. మడతల దగ్గర చిరిగితే వెనక కాగితం అంటించి దాచాడు. ఎవరు రాశారో వాడికి తెలియక కాదు. జెడ్డాకు నేను రాసిన జవాబులు కూడా ఈ రాతతోనే పోయేవి. నాకు నా పేరు మొదట రాసి చూపించింది వాడే.

ఇప్పుడు మా ఊళ్ళో సైరన్లు లేవు. ఒక ఫ్యాక్టరీ మూతపడింది, మిగతావాటికి వేలిముద్రల మిషన్లు వచ్చాయి. అమ్మ సమాధి ఉన్న తోటకు ప్రహరీ కట్టారు. అవతల బీహారు నుంచి, ఒడిశా నుంచి వచ్చిన పిల్లలు కిరాయి గదుల్లో ఉంటారు. ఇంటికి ఫోన్లు చేసుకుంటుంటే ముఖాలు కూడా కనపడతాయి. వాళ్ళ ఊళ్ళో ఎవరైనా పోతే ఫోనులోనే చూస్తూ గోడకు ఆనుకుని ఏడుస్తారు. ఈ ఏడు రెండుసార్లు చూశాను అట్లాంటి పిల్లవాణ్ణి. విమానాలు ఇప్పుడు శంషాబాదులో దిగుతాయి, ముత్తంగి దగ్గర రింగు రోడ్డు ఎక్కితే మాకు గంట కూడా పట్టదు. గ్రేసి ఫోనులో విమానం ఏ సముద్రం మీద ఉందో, ఇంకెన్ని నిమిషాలకు దిగుతుందో చీమలాగా పాకుతూ కనిపిస్తుంది. ఎవరూ వేళ్ళు ముడవక్కర లేదు. మంచిదే. నాకు ఏడుపు వచ్చేది దానికి కాదు. జెడ్డా నుంచి బేగంపేటకు ఐదు గంటలు. మా ఊరి నుంచి సంగారెడ్డిలో వాడి ఇంటికి షేరింగ్ ఆటో, ఆపైన బస్సు, మొత్తం గంటన్నర. ఆ గంటన్నర పోయి, వాడి ఎదురుగా కూర్చుని, ఒక్క మాట చెప్పి రాలేకపోయాను. చెబితే ఏమనేవాడో నాకు తెలుసు. ఏమీ అనేవాడు కాదు. అందుకే చెప్పలేకపోయాను.

దానేలూ, నువ్వు అడిగింది రాస్తున్నాను. మొదటి నుంచి, మెల్లగానే రాశాను. ఆ గురువారం సాయంత్రం అమ్మ దగ్గర ఉన్నది వీళ్ళు. ప్రార్థన చేసిన అయ్యగారు. పాట ఎత్తుకున్న లీలమ్మ టీచర్. పెట్టె చేసి, తలవైపు తాడు పట్టిన ఏసోబు మామ. కాళ్ళవైపు మీ బావ సుందరం. ఒక పక్క గుంట తవ్విన బాలయ్య, ఇంకో పక్క అతని అన్న లచ్చయ్య. షట్టరు దించి మా వెనకనే వచ్చి, గోడ దగ్గర తలకు రుమాలు కట్టుకుని నిలబడ్డ ఖలీల్ భాయ్. అమ్మతో డ్రమ్ములు కడిగిన మాణెమ్మ, పెంటమ్మ, ఆశమ్మ, షిఫ్టు వదిలి ఆ బట్టలతోనే వచ్చారు. విమానం చూపించిన సాయవ్వ. నా పిల్లలు ఇద్దరు, సుశీల, పౌలు. వాళ్ళ చేతులు పట్టుకుని నేను, ఎస్తేరు. మూడు గంటలని రాసింది నేనే. ఇక రాడని చెప్పిందీ నేనే.